లండన్ చుట్టి ఇంటికొచ్చిన నాటు పొదలు



ఈసారి మనం మాట్లాడుకోబోయేది రాజుల గురించీ యుద్ధాల గురించీ కాదండి. పొదల గురించి. నేనుండేది అమెరికా వాయవ్య మూల, సియాటిల్ దగ్గర. రెడ్‌మండ్, బాథెల్, సమామిష్... ఈ ఊళ్ళ పేర్లు మీ బంధువుల్లో ఎవరో ఒకరి నోట వినే ఉంటారు. ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళందరికీ రెండో ఏడో మూడో ఏడో ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇంటి ముందు గడ్డి ఎండిపోయిన జాగాలో, ఫెన్సు వెంబడి వాలులో, పెద్ద చెట్ల కింద ఎండ తగలని మూలలో ఏం వేయాలి? నర్సరీకి వెళితే 'నేటివ్' అని బోర్డు పెట్టి ఒక వరస మొక్కలు విడిగా ఉంటాయి. సలాల్, ఆరెగాన్ గ్రేప్, రెడ్ ఫ్లవరింగ్ కరెంట్, కినికినిక్... పేర్లు ఓ పట్టాన నోరు తిరగవు. పక్క వరసలో పూలతో కళకళలాడుతూ జపాన్ మొక్కలు, యూరప్ మొక్కలు. మన చెయ్యి అటే పోతుంది.

చిత్రమేమిటంటే, ఆ నేటివ్ వరసలో ఉన్న మొక్కల్లో కొన్ని పెరటి మొక్కలుగా మొదట పేరు తెచ్చుకున్నది ఇక్కడ కాదు, లండన్‌లో. ఇక్కడ పుట్టిన మొక్కలు, విత్తనాల రూపంలో కేప్ హార్న్ చుట్టి ఓడలో ఇంగ్లండ్ చేరాయి. అక్కడ దొరల తోటల్లో మెప్పు పొందాయి. పుట్టినచోట మాత్రం, వాటి ఊళ్ళోనే కట్టుకున్న ఇళ్ళ ముందు చోటు సంపాదించుకోవడానికి ఇంకో నూట యాభై ఏళ్ళు పట్టింది. ఈలోపల ఇక్కడి ఇళ్ళ ముందు ఏం పెరిగాయి, దానివల్ల ఏం జరిగింది, అదే ఇవాళ్టి కథ.

మన భాషలో ఒక మంచి మాట ఉంది చూడండి, నాటు. నాటుకోడి అంటాం, నాటువైద్యం అంటాం. ఆ ఊరిది, ఆ నేలది అని అర్థం. మొక్క పాతడాన్ని కూడా నాటడమనే అంటాం. రెండింటికీ పుట్టుక వేరే కావచ్చు, ఆ సంగతి భాషావేత్తలు చూసుకుంటారు. నాకు మాత్రం ఈ ఎపిసోడ్‌కి అంతకన్నా మంచి మాట దొరకలేదు. అందుకే 'నేటివ్ ప్లాంట్స్' అన్నచోటల్లా నాటు మొక్కలనే అంటాను.

ముందు వాతావరణం సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదేదీ బుర్రకెక్కదు. సియాటిల్ అనగానే అందరూ వాన అంటారు కదా. నిజానికి ఏడాదికి పడేది సుమారు 38 అంగుళాలే. హైదరాబాదు కన్నా మరీ ఎక్కువేం కాదు, కోస్తాలో చాలాచోట్ల ఇంతే పడుతుంది. తేడా ఎక్కడుందంటే, ఎప్పుడు పడుతుందన్న దాంట్లో. మనకి ఎండాకాలం కాగానే వాన, దాంతోపాటే దుక్కులు, నాట్లు. ఇక్కడ అంతా తల్లకిందులు. అక్టోబరులో మొదలై మే దాకా సన్నగా, విసుగొచ్చేలా కురుస్తూనే ఉంటుంది. అసలు మొక్కకి నీళ్ళు కావలసిన జులై, ఆగస్టుల్లో రెండు నెలలూ కలిపినా రెండంగుళాలు పడదు. చలికాలం చల్లగా ఉంటుంది గానీ అమెరికా మధ్యభాగంలోలాగా గడ్డకట్టించేయదు. అంటే ఇక్కడి మొక్కలు చలి తడిలో వేళ్ళు పెంచుకుని, ఎండాకాలం ఊపిరి బిగబట్టుకుని బతకడం నేర్చుకున్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గొట్టంతో నీళ్ళు పట్టే మన లాన్లకి ఆ విద్య రాదు.

ఇక కథలోకి వద్దాం. 1792 మే నెల. బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ జార్జ్ వాంకూవర్ 'డిస్కవరీ' అనే ఓడలో ఇక్కడి సముద్రపు పాయల్లోకి వచ్చాడు. ఓడలో ఆర్చిబాల్డ్ మెంజీస్ అని ఒక స్కాట్లాండ్ ఆయన ఉన్నాడు. వృత్తికి వైద్యుడు, మనసంతా మొక్కల మీద. తీరంలో గులాబీ రంగు పూలు విరగబూసిన రోడోడెండ్రాన్‌లు, ఎర్రటి బెరడుతో నున్నగా మెరిసే మడ్రోనా చెట్లు, నేలంతా కమ్మేసిన సలాల్ పొదలు చూశాడు, రాసుకున్నాడు, నమూనాలు తీసుకున్నాడు. మడ్రోనా శాస్త్రీయ నామంలో ఇవాళ్టికీ ఆయన పేరే ఉంది, ఆర్బ్యుటస్ మెంజీసీ.

కెప్టెన్ వాంకూవర్‌కి కొన్నిచోట్ల ఆ నేల ఇంగ్లండ్‌లో జమీందారుల ఉద్యానవనంలాగా కనిపించింది. చక్కటి పచ్చికబయళ్ళు, వాటి మధ్య అక్కడక్కడా చెట్ల గుంపులు. ప్రకృతే ఇంత అందంగా అమర్చిపెట్టిందని ఆశ్చర్యపోయాడు. ఆ మైదానాలు చాలావరకు వాటంతటవి ఏర్పడినవి కావండి. కోస్ట్ సేలిష్ ప్రజలు తరతరాలుగా అదను చూసి నిప్పు పెట్టి, అడవి కమ్ముకోకుండా కాపాడుకున్న నేలలవి. నీలిపూల కామాస్ దుంపలు పెరగడానికి, బెర్రీ పొదలు మళ్ళీ చిగురించడానికి, జింకలు మేతకి రావడానికి. అది తోటే. కంచె లేదు, వరసలు లేవు, అందుకని వచ్చినవాళ్ళ కంటికి అది తోటగా ఆనలేదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళకి, 1805-06 చలికాలం. లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు అమెరికన్ సైనికాధికారులు ఖండాన్ని దాటి వచ్చి కొలంబియా నది ముఖద్వారం దగ్గర ఫోర్ట్ క్లాట్‌సాప్‌లో మకాం వేశారు. వానకి తడిసి ముద్దవుతూ, తిండి చాలక, చేసే పనిలేక లూయిస్ డైరీ రాస్తూ కూర్చున్నాడు. ఆ డైరీలో సలాల్ గురించి ఉంది. స్థానికులు ఆ నల్లటి పళ్ళని పచ్చివి తింటారు, ఎండబెడతారు, దంచి పది పదిహేను పౌన్ల బరువుండే పెద్ద పెద్ద దిమ్మలుగా కాల్చి పెట్టుకుంటారు, అవి ఒక సీజనంతా నిలవ ఉంటాయి అని. ఇది చదివినప్పుడు నాకు మామిడితాండ్ర గుర్తొచ్చింది. పండు వచ్చే రోజులు కొన్నే, తినాల్సిన రోజులు బోలెడు. ప్రపంచంలో ఎక్కడి ఆడవాళ్ళైనా ఈ లెక్కకి దాదాపు ఒకే జవాబు కనిపెట్టారు.

1806 ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణంలో కొలంబియా జలపాతాల దగ్గర లూయిస్ ఇంకో మొక్క నమూనా తీసుకున్నాడు. ముళ్ళ అంచుల ఆకులు, పసుపుపచ్చ పూలగుత్తులు, తర్వాత బూడిద పూసినట్టుండే నీలపు పళ్ళు. అదే ఆరెగాన్ గ్రేప్. పేరులో ద్రాక్ష ఉంది గానీ ద్రాక్షకీ దానికీ ఏ సంబంధమూ లేదు. మా అమ్మ మొన్న వచ్చినప్పుడు ఒక పండు నోట్లో వేసుకుని, కన్ను గీటేసి, "ఒరేయ్, ఇది పప్పులో వేసుకోవచ్చురా" అంది. గోంగూర దొరకనిచోట క్రాన్‌బెర్రీ పప్పు వండుకునే జాతి కదండీ మనది, అమ్మ అంచనా తప్పదు.

లూయిస్, క్లార్క్ తెచ్చిన విత్తనాల్లో కొన్నిటిని ప్రెసిడెంట్ జెఫర్సన్ ఫిలడెల్ఫియాలో బెర్నార్డ్ మెక్‌మాన్ అనే నర్సరీ ఆయనకి ఇచ్చాడు. ఐర్లండ్ నుంచి వలస వచ్చినాయన. ఆయన పేరు మీదనే 1818లో థామస్ నట్టాల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆరెగాన్ గ్రేప్ జాతికి మహోనియా అని పేరు పెట్టాడు. గమనించండి, మొక్క పశ్చిమ తీరానిది, తిన్నది చినూక్, సేలిష్ జనం, పేరు మాత్రం తూర్పు తీరంలో ఉన్న ఐరిష్ నర్సరీ యజమానిది.

ఇప్పుడు అసలు కథానాయకుడు వస్తున్నాడు. డేవిడ్ డగ్లస్. 1799లో స్కాట్లాండ్‌లో స్కోన్ అనే ఊళ్ళో రాతిపని చేసే మేస్త్రీ ఇంట్లో పుట్టాడు. బడి వంటబట్టలేదు, పిల్లవాడిగా ఉండగానే తోటపనికి కుదిరాడు. గ్లాస్గో బొటానికల్ గార్డెన్‌లో విలియం హుకర్ అనే ప్రొఫెసర్ కంట్లో పడ్డాడు. ఆయన సిఫారసుతో లండన్ హార్టికల్చరల్ సొసైటీ అతన్ని కొత్త మొక్కల వేటకి పంపింది. అప్పట్లో ఇంగ్లండ్‌లో దీనికి ఎంత గిరాకీ ఉండేదంటే, ఎవరి తోటలోనూ లేని పొద మన తోటలో పూసిందంటే అది హోదా. ఇవాళ కొత్త కారు కొన్నట్టన్నమాట.

1824 జులైలో 'విలియం అండ్ ఆన్' అనే ఓడ ఎక్కాడు. ఎనిమిదిన్నర నెలల ప్రయాణం. చివర్లో కొలంబియా నది ముఖద్వారం దగ్గర తుఫాన్ల వల్ల లోపలికి రాలేక ఓడ ఆరు వారాలు సముద్రంలోనే కొట్టుమిట్టాడింది. 1825 ఏప్రిల్‌లో ఎట్టకేలకు నేల మీద కాలు పెట్టాడు. పెట్టగానే అతను చేతిలోకి తీసుకున్న మొదటి మొక్క ఏదో తెలుసా? సలాల్. మెంజీస్ రాతల్లో దాని గురించి ముందే చదువుకున్నాడు. కళ్ళారా చూసేసరికి ఆ సంతోషంలో ఇంకేదీ కంటికి ఆనలేదని తన డైరీలోనే రాసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు కూడా నిండని కుర్రాడు, ఎనిమిది నెలలు ఉప్పునీళ్ళు చూసి చూసి, ఒక తోలులాంటి పచ్చటి ఆకుని పట్టుకుని మురిసిపోయాడు. మా ఇంటి పక్క పార్కులో సలాల్‌ని పట్టించుకోకుండా ఫోను చూసుకుంటూ నడిచిపోయేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు డగ్లస్ గుర్తొస్తాడు.

తర్వాత రెండేళ్ళు హడ్సన్స్ బే కంపెనీ కోట ఫోర్ట్ వాంకూవర్‌ని మకాంగా చేసుకుని వేల మైళ్ళు తిరిగాడు. విత్తనాలు ఏరాడు, ఆరబెట్టాడు, లండన్ పంపాడు. వాటిలో ఒకటి రెడ్ ఫ్లవరింగ్ కరెంట్. ఇంకా ఆకులు సరిగా విచ్చుకోకముందే మార్చి, ఏప్రిల్ నెలల్లో కొమ్మకొమ్మకీ ఎర్రటి పూలగుత్తులు వేలాడదీసే పొద. 1828లో సొసైటీ తోటలో అది మొదటిసారి పూసింది. చలికాలం బూడిదరంగు చూసి చూసి ఉన్న లండన్ జనానికి మతిపోయింది. డగ్లస్ యాత్రకైన ఖర్చంతా ఈ ఒక్క పొదతోనే గిట్టుబాటైందని అప్పట్లో చెప్పుకున్నారు. ఇవాళ బ్రిటన్‌లో మీరు ఏ సందులోకి వెళ్ళినా వసంతంలో అది కనిపిస్తుంది. చాలామంది అది వాళ్ళదే అనుకుంటారు.

పాపం డగ్లస్ ఆ పేరూ డబ్బూ పెద్దగా అనుభవించలేదు. 1834 జులైలో హవాయి దీవుల్లో మౌనా కేయా కొండ వాలులో అడవి పశువుల్ని పట్టడానికి తవ్విన గుంటలో పడి ఉన్నాడు, అందులోనే ఒక ఎద్దు ఉంది. ముప్ఫై అయిదేళ్ళకే పోయాడు. డగ్లస్ ఫర్ అనే మహావృక్షానికి వాడుకలో అతని పేరుంది, శాస్త్రీయ నామంలో మాత్రం మెంజీస్ పేరుంది. ఇద్దరికీ చెరో సగం పంచారు.

లండన్‌లో ఈ సంబరం జరుగుతుంటే ఇక్కడ ఏం జరిగింది? వలస వచ్చినవాళ్ళు తమ ఇంటి మొక్కలు తెచ్చుకున్నారు. తప్పు పట్టడానికేం లేదండి. మనం కరివేపాకు మొక్కని దుప్పట్లో చుట్టి కాపాడుకోవట్లేదూ? కెప్టెన్ వాల్టర్ గ్రాంట్ అనే స్కాట్లాండ్ ఆయన 1850లో వాంకూవర్ దీవిలో సూక్ అనేచోట స్కాచ్ బ్రూమ్ విత్తనాలు చల్లాడు. హవాయిలో ఆగినప్పుడు అక్కడి బ్రిటిష్ కాన్సల్ ఇచ్చిన విత్తనాలవి. ఇంటి మీద బెంగ. పసుపుపచ్చ పూలు చూసి స్వదేశం గుర్తుచేసుకుందామనుకున్నాడు. మొలిచి బతికినవి మూడే మొక్కలంటారు. ఆ తర్వాత రోడ్ల గట్లు కోసుకుపోకుండా వేరేవాళ్ళూ వేశారు. ఇవాళ తీరమంతా లక్షల ఎకరాల్లో బ్రూమ్. దాని విత్తనాలు నేలలో దశాబ్దాలు పడుకుని ఉండి కూడా మొలకెత్తుతాయి.

ఐవీ సంగతి ఇంకా ఘోరం. ఇంగ్లిష్ ఐవీ, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, నీళ్ళు అడగదు, నీడలో పెరుగుతుంది, నెలల్లో నేలని కప్పేస్తుంది. గ్రౌండ్ కవర్ అంటే జనం కోరుకునే లక్షణాలన్నీ దానికున్నాయి, అదే చిక్కు. ఫెన్సు దాటి అడవిలోకి పోయింది. నేల మీద ఒక్క మొలకని రానివ్వదు. చెట్లెక్కి వాటి నెత్తిన బరువై కూర్చుంటుంది, గాలివానకి ఆ చెట్టు కూలిపోతుంది. 2010లో ఆరెగాన్ రాష్ట్రం దాని అమ్మకాన్నే నిషేధించింది.

మూడోది వింటే మీకు నవ్వొస్తుంది. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ. ఇక్కడ ఖాళీ జాగా ఎక్కడ కనిపించినా ముళ్ళకంపలా అల్లుకుపోతుంది. "మీ దేశం నుంచి వచ్చిందేగా" అని నన్ను అడిగినవాళ్ళున్నారు. కాదు మహాప్రభో. కాలిఫోర్నియాలో లూథర్ బర్‌బ్యాంక్ అనే పేరుమోసిన మొక్కల ప్రయోగకర్త 1885లో ఇండియా నుంచి తెప్పించుకున్న విత్తనాల్లో వచ్చిందని 'హిమాలయా జెయింట్' అని పేరుపెట్టి అమ్మాడు. దాని అసలు ఊరు ఆర్మేనియా, ఉత్తర ఇరాన్ వైపు. పేరు మాత్రం మన నెత్తిన పడింది.

మన దగ్గరా ఇలాంటి కథే ఉంది కదా, సర్కారు తుమ్మ. 1870లలో కట్టెపుల్లల కొరత తీర్చడానికని అటవీశాఖవాళ్ళు అమెరికా ఖండం నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. ఇప్పుడు రాయలసీమలో చెరువుగట్టు మీద, పల్నాడులో బీడు మీద అదే. పేరులోనే ఉంది ఎవరు తెచ్చారో.

ఇక్కడ మళ్ళీ ఆ నిప్పుపెట్టి కాపాడుకున్న తోటల దగ్గరికి రావాలి. వాటి మనుషులేమయ్యారు? వాషింగ్టన్ అప్పుడింకా రాష్ట్రం కాదు, టెరిటరీ. గవర్నర్ ఐజక్ స్టీవెన్స్ 1854 డిసెంబరులో మెడిసిన్ క్రీక్ దగ్గర, 1855 జనవరి 22న ముకిల్టియో దగ్గర పాయింట్ ఇలియట్‌లో తెగలతో ఒప్పందాలు చేయించాడు. రెండోదాంట్లో చీఫ్ సియాటిల్ గుర్తు కూడా ఉంది. కొన్ని వందల మాటలు మాత్రమే ఉన్న చినూక్ జార్గన్ అనే బేరసారాల భాషలో ఈ చట్టపు కాగితాన్ని వాళ్ళకి వివరించారు. లక్షల ఎకరాలు పోయాయి. ప్రతిగా రాసిన హక్కుల్లో చేపలు పట్టుకోవడంతోపాటు, ఎవరూ స్వాధీనం చేసుకోని బహిరంగ నేలల్లో దుంపలు, బెర్రీలు ఏరుకోవచ్చు అని ఉంది.

ఆ మాట ఒకటికి రెండుసార్లు చదివాను నేను. దుంపలు, బెర్రీలు. అంటే కామాస్, సలాల్, హకిల్‌బెర్రీ... ఇవాళ నర్సరీలో కుండీలో పెట్టి అమ్ముతున్న పొదలు ఒక అంతర్జాతీయ ఒప్పందంలో ఉన్నాయి. మెలిక ఎక్కడుందంటే 'ఎవరూ స్వాధీనం చేసుకోని' అన్న దగ్గర. ఏటేటా ఎవరో ఒకరు స్వాధీనం చేసుకుంటూనే పోయారు. నిప్పు పెట్టడం నేరమైంది. మైదానాల్ని అడవి కమ్మేసింది, లేదా దున్నేశారు. చేపల హక్కు కోర్టుకెక్కి 1974లో జడ్జి బోల్ట్ తీర్పుతో గెలిచింది. బెర్రీల వాక్యానికి అంత పేరు రాలేదు. నా ఇంటి జాగా కూడా ఆ పాయింట్ ఇలియట్ ఒప్పందం కింద పోయిన నేలలోదే. దస్తావేజులో ఆ సంగతి రాసి ఉండదు.

నాటు పువ్వుకి ఇక్కడివాళ్ళు ఓటేసిన సందర్భం ఒకటుంది. 1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన. ప్రతి రాష్ట్రానికీ ఒక పువ్వు కావాలన్నారు. 1892లో వాషింగ్టన్ ఆడవాళ్ళందరూ ఓటేసి క్లోవర్‌ని ఓడించి రోడోడెండ్రాన్‌ని గెలిపించారు, మెంజీస్ చూసిన ఆ గులాబీరంగు పొదే. తమాషా ఏమిటంటే అప్పటికి వాళ్ళకి ఎన్నికల్లో ఓటు లేదు. టెరిటరీగా ఉండగా కొన్నేళ్ళు ఇచ్చి తీసేశారు, మళ్ళీ 1910లోగానీ రాలేదు. పువ్వుకి మాత్రం వేసుకోండమ్మా అన్నారు. ఆరెగాన్ 1899లో ఆరెగాన్ గ్రేప్‌ని తన పువ్వు చేసుకుంది. తెలంగాణ తంగేడుని పెట్టుకుంది కదా, అలాగన్నమాట. అయితే రాష్ట్ర పుష్పం అవ్వడం వేరు, ఇంటి ముందు చోటు దొరకడం వేరు. తంగేడుని బతుకమ్మలో పేరుస్తాం గానీ, ఇంటి గేటు పక్కన పెంచేవాళ్ళని ఎంతమందిని చూశారు మీరు?

గేటు పక్కకి తెచ్చిన మనుషుల్లో ముఖ్యుడు ఆర్థర్ క్రూకెబర్గ్. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో వృక్షశాస్త్రం ప్రొఫెసర్. ఆయనా, భార్య మరీన్ 1958లో సియాటిల్‌కి ఉత్తరాన షోర్‌లైన్‌లో నాలుగెకరాల జాగాకి మారి తోట వేయడం మొదలెట్టారు. నాటు మొక్కలూ దూరదేశాల మొక్కలూ పక్కపక్కనే. అందులో చాదస్తం లేదు. మరీన్ అక్కడే చిన్న నర్సరీ నడిపారు. 1976లో వాషింగ్టన్ నేటివ్ ప్లాంట్ సొసైటీ మొదలుపెట్టినవాళ్ళలో ఆయనొకరు. 1982లో ఈ ప్రాంతపు నాటు మొక్కలతో తోట వేసుకోవడమెలాగో ఒక పెద్ద పుస్తకం రాశారు. ఏ పొద ఎక్కడ, ఎంత ఎండలో, ఏ మట్టిలో, విత్తనం నుంచా కొమ్మ నుంచా... మామూలు ఇంటాయన, ఇంటావిడ వాడుకోగలిగేలా. డగ్లస్ లండన్‌కి చేసిన పనిని ఈయన సియాటిల్‌కి చేశాడని నేనంటాను. 1825 నుంచి 1982, లెక్క వేసుకోండి. ఆ తోటని 2008లో షోర్‌లైన్ నగరం కొనుక్కుంది, ఇప్పుడు ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. ఆయన 2016లో కాలం చేశారు.

సరే, ఇంత చెప్పాక ఏం వేయాలో చెప్పకపోతే తిడతారు. పెద్ద చెట్ల కింద నీడ మూలకి సలాల్, స్వోర్డ్ ఫెర్న్, పొట్టిరకం ఆరెగాన్ గ్రేప్. సలాల్ మొదటి రెండు మూడేళ్ళు ఉన్నచోటే ఉంటుంది, చచ్చిందేమో అనిపిస్తుంది, తొందరపడి పీకేయకండి. లోపల వేళ్ళు పరుచుకుంటోంది. తర్వాత ఆపడం మీ వల్ల కాదు. ఎండ తగిలే చోట, వసంతంలో కిటికీలోంచి కనబడేలా రెడ్ కరెంట్. మెక్సికో వైపు నుంచి రూఫస్ హమ్మింగ్‌బర్డ్‌లు సరిగ్గా అది పూసే వేళకే ఇక్కడికి చేరుతాయి, బొటనవేలంత పిట్టలు. చలికాలంలో ఆకు రాల్చేస్తుంది, కాబట్టి వెనకాల ఎవర్‌గ్రీన్ హకిల్‌బెర్రీ వేస్తే బోసిగా ఉండదు, పైగా పిల్లలకి పళ్ళు.

ఎండ మండే వాలుకి కినికినిక్. ఆ పేరు తూర్పున ఉండే ఆల్గాంకియన్ భాషల నుంచి వచ్చింది, మిశ్రమం అని అర్థం, దాని ఆకుని పొగాకులో కలిపేవారు. శాస్త్రీయ నామం ఆర్క్టోస్టఫైలోస్ ఉవా-ఉర్సి. గ్రీకులో ఎలుగుబంటి ద్రాక్ష, లాటిన్‌లో మళ్ళీ ద్రాక్ష ఎలుగుబంటిది. రెండు భాషల్లో ఒకటే మాట, 'గేటు వాకిలి' అన్నట్టు. నీళ్ళు నిలిచేచోట, కాళ్ళతో తొక్కేచోట వద్దు. మిగతాచోట్ల దాన్ని మించింది లేదు. ఇది భూమికి ఉత్తరభాగంలో చుట్టూ పెరుగుతుంది. కాబట్టి కెనడాలో, న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి కూడా ఇది నాటు మొక్కే.

ఇసుక నేలైతే బీచ్ స్ట్రాబెరీ. దీని కథ ఒక్క నిమిషం. ఇదే జాతి దక్షిణాన చిలీలోనూ ఉంది. 1712లో ఫ్రెంచి రాజు తరఫున అమేదీ ఫ్రెజియే అనే ఇంజినీరు వర్తకుడి వేషంలో అక్కడి స్పెయిన్ కోటల మీద గూఢచర్యానికి వెళ్ళి, 1714లో కోటల పటాలతో పాటు పెద్ద పళ్ళ స్ట్రాబెరీ మొక్కలు తెచ్చాడు. అయిదే బతికాయి, అన్నీ ఆడ మొక్కలే, కాయలేదు. పక్కన వర్జీనియా స్ట్రాబెరీ వేసినచోట కాశాయి. ఆ కలయికలో పుట్టినదే ఇవాళ మనం డబ్బాల్లో కొనుక్కునే స్ట్రాబెరీ. 1766లో దుషేన్ అనే కుర్ర శాస్త్రజ్ఞుడు ఆ గుట్టు విప్పాడు. ఆ తల్లి మొక్కకి చుట్టం మా ఇంటి మెట్ల పక్కన పాకుతోంది.

నాటే కాలం మాత్రం మన లెక్కన పెట్టుకోకండి. ఏప్రిల్లో నర్సరీలు కిటకిటలాడతాయి, అప్పుడు నాటితే రెండు నెలల్లో కరువు ముంచుకొస్తుంది. అక్టోబరు, నవంబరు అదను. వానే నీళ్ళు పోస్తుంది, వేళ్ళు దిగుతాయి. చిన్న కుండీలవి చాలు, పెద్దవి కొని డబ్బు తగలేయకండి. చుట్టూ మూడు నాలుగంగుళాల చెక్కపేళ్ళు పరవండి, కాండానికి తగలకుండా. మొదటి రెండు ఎండాకాలాలు వారానికోసారి బాగా నీళ్ళు పెట్టండి, తర్వాత వదిలేయొచ్చు. అడవిలోంచి తవ్వి తెచ్చుకోవడం మాత్రం వద్దు.

నేను ముందు గడ్డి తీసేసి ఇవన్నీ వేసిన ఏడాది మా కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, ఇంటి ముందు కలుపు పెంచుతున్నారని. ఆ 'కలుపు'లో ఒకటి వాషింగ్టన్ రాష్ట్ర పుష్పం, ఒకటి ఆరెగాన్ రాష్ట్ర పుష్పం. కంచె లేదు, వరసలు లేవు... వాంకూవర్ కెప్టెన్ కళ్ళే ఇంకా తిరుగుతున్నాయనుకున్నాను. ఒక పటం గీసి, మొక్కల పేర్లు రాసి, అంచు వెంబడి రాళ్ళు పేర్చాను. రాళ్ళు పేర్చాక ఇంకేమీ అనలేదు. పొదలు అవే, అంచు ఉంటే తోట.

ఒక మాట మర్చిపోయాను. ఈ ఎపిసోడ్ ఇంగ్లండ్‌లో చూస్తున్న మనవాళ్ళు సలాల్ జోలికి పోకండి. అక్కడ దొరలు తమ వేట పక్షులు దాక్కోవడానికని ఎస్టేట్లలో వేయించారు. అదిప్పుడు దక్షిణ ఇంగ్లండ్ హీత్ భూముల్ని కమ్మేస్తోంది, అక్కడి జనం గుంపులుగా వెళ్ళి పీకుతున్నారు. శనివారం పొద్దున మేం ఇక్కడి పార్కుల్లో ఐవీ పీకుతున్నట్టే. మీ ఊళ్ళో ఐవీయే నాటు మొక్క, దాన్ని ఉండనివ్వండి. శరదృతువు చివర్లో మిగతావన్నీ ఆగిపోయాక పూస్తుంది, తేనెటీగలకి అదే ఆఖరి విందు.

వచ్చే ఎపిసోడ్‌లో సర్కారు తుమ్మ గురించి వివరంగా చెప్పుకుందాం, కమలాపురం దగ్గర మొదలైన ఆ కథని ఇవాళ రెండు ముక్కల్లో దాటేశాను. ఉంటానండి, నమస్కారం.